గాజులు పగల్లేదు సార్

మొన్న ఆదివారం మదనపల్లె పక్కన అంగళ్లు ఊరి కాలేజీలో చదివే పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. చేతిలో ఒక కాగితం. పైన ‘పరిశ్రమల్లో ప్రమాదాలకు సాధారణ కారణాలు’ అని తాటికాయలంత అక్షరాలు, కింద ఒకటి నుంచి పది దాకా అంకెలు, అంకెల పక్కన ఖాళీ. “అంకుల్, మీరు రిటైరయ్యేదాకా ఫ్యాక్టరీల్లో సేఫ్టీ చూసినారంట కదా. పది కారణాలు చెప్పండి, రాసుకోని పోతాం” అన్నారు. పావుగంటలో వాళ్లకు బస్సు ఉందట.

నేనేం తక్కువ తిన్నానా? తడి నేల, వదులు బట్టలు, నిద్రమత్తు, చాలని వెలుతురు, మూత లేని యంత్రం, తొందర, అతివిశ్వాసం అంటూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. వాళ్లూ తలెత్తకుండా రాసుకున్నారు. వంటింట్లోంచి మా ఆవిడ కాఫీలు తెచ్చి, “ఆ గాజుల సంగతి చెప్పినారా పిల్లోళ్లకు?” అంది. “బస్సు టైమయిందిలే” అన్నాను. పిల్లలు కాఫీ తాగి, దండం పెట్టి, పరుగెత్తారు. మా ఆవిడ ఖాళీ గ్లాసులు తీసుకుంటూ నా వైపు ఒక చూపు చూసింది. ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆ చూపుకు అర్థం నాకు బాగా తెలుసు.

నిజమే, బస్సు పేరు చెప్పి తప్పించుకున్నాను. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. ఆ నలుగురిలో ఎవరైనా ఇది చదివితే, నాయనా, ఆ పది కారణాలూ తప్పు కాదు, పరీక్షలో రాసుకోండి, మార్కులు వస్తాయి. ఇది మాత్రం పరీక్షకు రాదు.

నా ఉద్యోగం మొదలైంది కుప్పం దగ్గర ఒక గ్రానైటు పాలిషింగ్ ఫ్యాక్టరీలో. అక్కడ సేఫ్టీ అంటే గేటు దగ్గర ఒక బోర్డు. రాతి దుమ్ముకు ఆ బోర్డు మీద ఏముందో కనపడేది కాదు. ఏడాదికి ఒకసారి ఆయుధపూజకు కడిగేవాళ్లు, ఆ రోజు అందరం చదువుకునేవాళ్లం. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ప్రమాదాల రిజిస్టరు నాకు అప్పగించారు. అందులో ‘కారణం’ అని ఒక గడి. దాంట్లో ఏం రాయాలని అడిగితే అక్కడి పాత గుమాస్తా, “అజాగ్రత్త అని రాయి నాయనా, అన్నిటికీ సరిపోతాది” అని ఉపదేశం చేశాడు. పలక జారి కాలి మీద పడితే అజాగ్రత్త. పలకలెత్తే గొలుసు తెగితే అజాగ్రత్త, అదీ గొలుసుది కాదు, కింద నిలబడినవాడిది. ఒకసారి వాచ్‌మన్‌ను కుక్క కరిచింది. చెయ్యి అలవాటుపడిపోయి దానికీ అజాగ్రత్త అనే రాశాను. అది కుక్కదో వాచ్‌మన్‌దో ఎవరూ అడగలేదు.

ఆ విద్యతోనే కొన్నేళ్ల తర్వాత పుంగనూరు దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాను. మదనపల్లె నుంచి రోజూ బస్సులో వెళ్లి రావడం. ఉద్యోగం షిఫ్టు సూపర్‌వైజరు, దానికి కొసరుగా సేఫ్టీ ఇన్‌ఛార్జి. కొసరు కాబట్టి దానికి విడిగా కుర్చీ లేదు, తెల్లటి టోపీ ఒకటి ఇచ్చారు. ఆ టోపీ పెట్టుకుని తిరుగుతుంటే, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు, “అదో, టోపీ సార్ వస్తాండాడు, బెల్టుకు దూరంగా నిలబడండి” అని ఒకళ్లనొకళ్లు హెచ్చరించుకునేవాళ్లు. నేను దాటిపోగానే మళ్లీ దగ్గరికి జరిగేవాళ్లు. దూరంగా నిలబడితే కాయలు అందవు మరి.

అక్కడి పని ఎలా ఉంటుందో నాలుగు ముక్కల్లో చెప్తాను. తోతాపురి కాయలు కడిగిన తర్వాత పొడుగాటి రబ్బరు బెల్టు మీద పోతుంటాయి. అటూ ఇటూ ఆడవాళ్లు నిలబడి చెడ్డ కాయలు ఏరేస్తారు. బెల్టు చివర ఒక ఇనుప రోలరు చుట్టూ తిరిగి కిందికి పోతుంది. బెల్టుకూ రోలరుకూ మధ్య ఒక సందు. ఆ సందులో తొడిమలు, ఆకులు, చితికిన తొక్కలు ఇరుక్కుంటాయి. వాటిని ఎవరో ఒకరు అప్పుడప్పుడూ వేళ్లతో లాగెయ్యాలి. పద్ధతి ప్రకారం బెల్టు ఆపి తియ్యాలి. బెల్టు ఆపితే వెనక లైనంతా ఆగుతుంది, బయట లారీల వరస రోడ్డెక్కుతుంది, మేనేజరు నా నెత్తికెక్కుతాడు. కాబట్టి పద్ధతి గోడ మీద ఉండేది, బెల్టు తిరుగుతూ ఉండేది.

ఆ ఏడు సీజను మొదట్లో, గుజ్జు కొనే విదేశీ కంపెనీ వాళ్లు తనిఖీకి వస్తారని కబురు వచ్చింది. లైను దగ్గర గాజు అనే వస్తువు ఉండకూడదట. గోడ గడియారానికి అద్దం తీసేశారు, బల్బులకు ప్లాస్టిక్ తొడుగులు వేశారు. ఇక మిగిలినవి ఆడవాళ్ల చేతి గాజులు. ఒక ముక్క పగిలి గుజ్జులో పడిందంటే మొత్తం సరుకు పారబోయాల్సిందే. “ఆ సంగతి నువ్వు చూసుకో” అన్నాడు మేనేజరు. పెద్ద పని వాళ్లు చేసేసి, చిన్న పని నాకు వదిలేశారని సంతోషంగా బెల్టు దగ్గరికి వెళ్లాను.

“రేపటి నుంచి అందరూ గాజులు తీసేసి రావాలి” అన్నాను.

“ఎవురివి సార్? మీ ఇంట్లో ఆయమ్మవా?” అని ఎవరో అన్నారు. అందరూ గొల్లుమన్నారు.

“నేను తమాషాకి చెప్పడం లేదు.”

“మేమూ తమాషాకి అంటాండామా? మా మొగుళ్లు బతికే ఉండారు కదా సార్. ఏం పాపం చేసినారని వాళ్లను ఇప్పుడే సంపుతావు?”

ఇంకొక ఆమె బెల్టు మీది కాయ ఎత్తి నా మొహం ముందు ఊపింది. “బోసి చేతుల్తో ఇంటికి పోతే మా అత్త గడప తొక్కనిస్తాదా? నువ్వొచ్చి చెప్తావా మా అత్తకు?”

వాళ్ల అత్తకు చెప్పే ధైర్యం నాకు లేదు. అసలు ఆ ఫ్యాక్టరీ మొత్తంలో అంత ధైర్యవంతుడెవడూ లేడు. అందరూ మాట్లాడుతుంటే ఒక్క మనిషి మాత్రం తలొంచుకుని కాయలు ఏరుకుంటూ ఉంది. రామసముద్రం వైపు నుంచి వచ్చే యాభై ఏళ్ల మనిషి, అందరూ రామసముద్రం అక్క అనేవాళ్లు. భర్త పోయి చాలా ఏళ్లయింది, చేతులకు గాజులు లేవు. ఆమెతో సమస్య లేదు, కాబట్టి ఆమెను అడిగే పనీ లేదు అనుకున్నాను. నా తెలివి అప్పుడలా ఉండేది.

మర్నాడు అందరూ గాజులతోనే వచ్చారు. కొందరు కొత్తవి వేసుకుని మరీ వచ్చారు. వెనక్కి పంపితే పని ఆగుతుంది, పంపకపోతే తనిఖీలో తప్పుతాం. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. స్టోరులో తెల్లటి నూలు గుడ్డ ఉంటే పొడుగు పేలికలుగా చింపించాను. గాజుల మీదుగా మణికట్టుకు గట్టిగా చుట్టి ముడివేస్తే, గాజు పగిలినా ముక్క బయటికి రాదు. గాజు ఉంటుంది, కనపడదు. మొగుళ్లూ క్షేమం, గుజ్జూ క్షేమం. ఆడవాళ్లు సణుక్కుంటూనే ఒకరికొకరు కట్టుకున్నారు.

మేనేజరు నా భుజం తట్టాడు. గుడ్డలు కట్టుకున్న చేతుల వరసను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పెద్దాఫీసు వాళ్లందరూ బొటనవేళ్లు పంపారు. తనిఖీ వాళ్లు కూడా తలలూపి వెళ్లిపోయారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ ఫొటో మా ఆవిడకు చూపించాను. అద్దాలు పెట్టుకుని, పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూసి, “కట్లు ముందే కట్టేసినారు. ఇంక దెబ్బ తగలడమే తక్కువ” అంది.

“ఫ్యాక్టరీ సంగతులు నీకేం తెలుసు” అని ఫోను లాక్కున్నాను.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గుడ్డ రోలరుకు చుట్టుకుంటుందేమో అన్న అనుమానం నాకు రాలేదని చెప్పను. వచ్చింది. వస్తే ఏం చేశాను? రోలరు పక్కన గాజులు లేని మనిషిని నిలబెట్టాను. గాజులు లేకపోతే గుడ్డ లేదు, గుడ్డ లేకపోతే భయం లేదు. రామసముద్రం అక్కను పిలిచి, “నువ్వు ఇకమీదట ఈ చివర నిలబడాలక్కా, ఇది చాలా బాధ్యత గల చోటు” అని గంభీరంగా చెప్పాను.

ఆమె ఆ సందు వైపు చూసింది, నా టోపీ వైపు చూసింది. “మొగుడు పోయినందుకు ప్రమోషనాప్పా ఇది?” అంది.

పక్కనున్న వాళ్లు నవ్వారు. నేనూ నవ్వేశాను. ఏమనాలో తోచక నవ్వే నవ్వు అది.

ఆమె ఆ చోట నిలబడి రెండు రోజులు పని చేసి, మూడో రోజు నన్ను పిలిచింది. “ఏమప్పా, ఈ సందుకు అడ్డంగా ఒక రేకు ముక్క కొట్టించు. చెయ్యి పోదు, తొడిమలు కిందికి జారిపోతాయి. ఇంతే పని.”

“సీజను కదక్కా. లైను ఆపలేం. సీజనయినాక చూద్దాం.”

“సీజనయినాక ఈ సందులో చెయ్యి పెట్టేదెవురప్పా?”

“రాసుకుంటాలే” అన్నాను. నిజంగానే జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఆ పుస్తకంలోంచి ఏదీ బయటికి వచ్చేది కాదని ఆమెకు అప్పటికే అర్థమైనట్టుంది. ఆ తర్వాత ఆమె ఒక పుల్ల సంపాదించుకుని, వేళ్లు పెట్టకుండా ఆ పుల్లతోనే సందులోవి లాగేది. అలా మూడు వారాలు నడిచింది.

ఒకరోజు సాయంత్రం ఆమె సెలవు అడిగింది. “రేపు మా ఆయన పోయిన దినం. పెద్దలకు పెట్టుకోవాల. రాలేనప్పా.” సరేనన్నాను. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. “నేను లేని దినం ఆడ ఎవురినీ నిలబెట్టొద్దు. తొడిమలు చిక్కుకుంటే బెల్టు ఆపి తీపించు. ఇన్నావా?” “విన్నానక్కా, విన్నాను, నువ్వు పో” అన్నాను. చెవులతో వినడం వరకు నేనెప్పుడూ లోటు చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నుంచే లారీలు. ముందురోజు గాలివానకు రాలిన కాయలన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. కాయల కంటే ఆకులు, తొడిమలు ఎక్కువ. గంటలో రెండు సార్లు బెల్టు ఆపి నేనే వంగి సందు శుభ్రం చేశాను. మూడోసారి ఆపేసరికి మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. చేతి గడియారం చూసుకున్నాడు. అంతే.

దగ్గరలో కురబలకోట వైపు అమ్మాయి ఒకతె ఉంది. పెళ్లయి నాలుగు నెలలు. రెండు చేతులకూ నిండా ఎర్ర గాజులు, వాటి మీద నా తెల్ల గుడ్డలు. బెల్టు మొత్తంలో చురుకైన చేతులు ఆమెవే. అందరూ కొత్త పెళ్లికూతురని ఆటపట్టించేవాళ్లు. “అమ్మా, ఈ ఒక్క పూట ఆ చివర నిలబడు. పుల్లతో తియ్యి, చెయ్యి పెట్టొద్దు” అన్నాను. “సరే సార్” అని చెంగున వెళ్లింది.

పుల్ల పదకొండు గంటల దాకా ఉంది. తర్వాత విరిగింది. ఆమె నన్ను అడగాలనే చూసిందట. నేను లారీల దగ్గర ఉన్నాను.

కేక వినపడి పరుగెత్తుకొచ్చేసరికి ఆమె కుడి చెయ్యి వేళ్ల దాకా సందులో ఉంది. తడికి వదులైన గుడ్డ కొస రోలరుకు చుట్టుకుని, చేతిని లోపలికి లాగుతోంది. ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పుకునేంత గొప్ప సంగతి కాదు. ప్రమాదం జరిగితే మొదట బెల్టు ఆపే ఎర్ర బటన్ నొక్కాలని నెలనెలా అందరినీ వరసగా నిలబెట్టి నేర్పించింది నేను. ఆ బటన్ నాకు రెండడుగుల దూరంలో ఉంది. నేను మాత్రం ఆ అమ్మాయి భుజాలు పట్టుకుని వెనక్కి లాగుతూ “అమ్మా, అమ్మా” అని అరుస్తున్నాను. నేను లాగుతున్నానా, రోలరు లాగుతోంది. బటన్ నొక్కింది ఎదురు వరసలో ఉన్న ఒకామె. అది కూడా నన్ను మోచేత్తో నెట్టి, నా చంక కిందుగా చెయ్యి దూర్చి నొక్కింది.

మా ఫిట్టరు మదనపల్లె ముసల్మాను, అందరికీ భాయ్. పానా పట్టుకుని ఉరికొచ్చి, రోలరు బోల్టులు వదులు చేసి, బ్లేడుతో గుడ్డ కోసేశాడు. చెయ్యి బయటికి వచ్చింది. వేళ్లు చూడలేకపోయాను. మణికట్టు మీద మిగిలిన గుడ్డ ఎర్రబడి ఉంది, దాని కింద గాజులు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

అప్పుడే మేనేజరు రొప్పుతూ వచ్చాడు. మొదట అడిగిన ప్రశ్న, “గాజు ముక్కలేమైనా పడినాయా?”

“లేదు సార్. ఒక్కటి కూడా పగల్లేదు సార్” అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా గొంతులో కొంచెం గర్వం ఉంది. మా ఆవిడ మీద ఒట్టు, ఉంది. ఎన్ని మర్చిపోయినా ఆ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

జీపులో మదనపల్లె ఆస్పత్రికి తీసుకెళ్లాం. చెయ్యి అప్పటికే వాచిపోతోంది. గాజులు ఇంక బయటికి రావు, ఉంచితే నెత్తురు ఆడదు. అక్కడి పెద్ద నర్సమ్మ, మెడలో చిన్న శిలువ, నిదానమైన మనిషి, “తియ్యాలమ్మా” అంది. ఆ అమ్మాయి సగం స్పృహలో, “మా అత్తకు చెప్పి తియ్యండి” అని ఏడ్చింది. “మీ అత్తకు నేను చెప్తాలేమ్మా” అని, నర్సమ్మ ఒక్కొక్క గాజునూ దూది అడ్డం పెట్టి చిదుపుతూ వచ్చింది. నేను గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఒక్కొక్కటి పగిలినప్పుడల్లా టిక్కుమని వినపడింది. పన్నెండు లెక్కపెట్టాను. ఫ్యాక్టరీలో నేను పగలనివ్వని గాజులవి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అమ్మ అంటుంటే నవ్వేవాడిని. ఆ పూట ఆస్పత్రి బల్ల మీద కూర్చుని ఏడ్చాను.

రెండు వేళ్లు తీసెయ్యాల్సి వచ్చింది. చెయ్యి నిలబడింది గానీ ఇక ముందులా ముడుచుకోదన్నారు డాక్టరు.

సాయంత్రం ఫ్యాక్టరీకి తిరిగొస్తే బల్ల మీద రిజిస్టరు తెరిచిపెట్టి ఉంది. “వదులుగా కట్టుకుంది, నడిచే మిషన్లో చెయ్యి పెట్టింది. రాసెయ్” అన్నాడు మేనేజరు. అలా రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తప్పు ఆ అమ్మాయిదే అవుతుంది, ఇంత అజాగ్రత్త మనిషి మాకొద్దని పనిలోంచి తీసేస్తారు. అన్నీ తెలిసి కూడా కలం తీశాను. కుప్పంలో నేర్చిన చెయ్యి, ఆగమన్నా ఆగదు. ‘కార్మికురాలి అజాగ్రత్త’ అని గుండ్రంగా రాసి ఇంటికి వెళ్లిపోయాను. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచాను. మా ఆవిడ కట్ల మాట ఎత్తి దెప్పి ఉంటే బాగుండేది. ఒక్క మాట అనలేదు.

మర్నాడు రామసముద్రం అక్క పనిలోకి వచ్చింది. సంగతి దారిలోనే తెలిసినట్టుంది, తిన్నగా నా గదికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఏమని రాసినావప్పా?”

చెప్పాను.

“అజాగ్రత్తంటే ఎవురిది?”

“పని చేసేవాళ్లదక్కా. అలాగే రాస్తారు.”

“ఓహో. ఆ బిడ్డను ఆడ నిలబెట్టిందెవురు?”

నేను బల్ల మీది రిజిస్టరు మూశాను.

“గుడ్డ కట్టమనిందెవురు? రేకు కొట్టించమంటే పుస్తకంలో రాసుకునిందెవురు?” గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది. “నువ్వు సెడ్డోడివి కాదప్పా. నీకు సదువొచ్చు, టోపీ ఉండాది. ఈడ నిలబడే మాకు ఏం తెలుసో అడగాలని మాత్రం తోచలా నీకు. ఆ బిడ్డకు రెండు వేళ్లు పోయినాయి. పనీ పోగొడతావా?”

అంతే, వెళ్లిపోయింది. నేను రిజిస్టరు తీశాను. రాసినదాన్ని ఒక గీతతో కొట్టేసి, కింద రాశాను: ‘రోలరు సందుకు మూత లేదు. మూత పెట్టమని మూడు వారాల ముందే చెప్పారు, నేను పెట్టించలేదు. మణికట్టుకు గుడ్డ కట్టమన్నది నేను. ఆ చోట నిలబెట్టింది నేను.’ కింద సంతకం పెట్టాను. అన్నేళ్ల ఉద్యోగంలో ఆ గడి చాలలేదని పక్క గడిలోకి రాయడం అదే మొదటిసారి.

మేనేజరు చదివి, “నీకేమైనా పిచ్చా?” అన్నాడు. “ఉండింది సార్, ఇప్పుడిప్పుడే తగ్గుతోంది” అన్నాను. అది ధైర్యం కాదు, నిద్ర లేకపోవడం. సీజను అయ్యేదాకా నన్ను గోడౌన్లో ఖాళీ డ్రమ్ములు చూసుకోమన్నారు. డ్రమ్ములు మంచివి, అవి ఎదురు మాట్లాడవు, అజాగ్రత్తగా ఉండవు. కానీ సంతకంతో సహా కాగితం మీద పడిన దాన్ని ఎవరూ చెరపలేకపోయారు. ఆ అమ్మాయిని పనిలోంచి తియ్యలేదు. కోలుకుని వచ్చాక తూకం దగ్గర కూర్చునే పని ఇచ్చారు.

డ్రమ్ముల దగ్గరికి పోయే ముందు ఒక పని మాత్రం చేసి వెళ్లాను. భాయ్‌ని పిలిచి సందు చూపించాను. అతను చూసి, “ఆధా ఘంటా కా కామ్ హై సాబ్” అన్నాడు. అరగంట కూడా పట్టలేదు. పాత స్టీలు రేకు ముక్క ఒకటి వంచి, నాలుగు బోల్టులు బిగించాడు. చేతులు తుడుచుకుంటూ, “ఈ సందు నేను రోజూ చూస్తానే ఉండా సాబ్. మీరు అడగలా, నేను చెప్పలా” అన్నాడు.

ఇక గాజులు. ఆ సంగతి నేను తేల్చలేదు. మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు రామసముద్రం అక్క ఆడవాళ్ల మధ్యలో లేచి నిలబడిందట. బటన్ నొక్కినామె తర్వాత నాకు చెప్పింది. “మా ఆయన పోయిన దినం నా చేతులకు రెండు డజన్ల గాజులు ఉండె. అవి ఆపినాయామ్మా ఆయన్ను? పనిలో ఉండే ఆ నాలుగు గంటలూ ఈ నాలుగు గంటలూ క్యారియర్లో పెట్టుకోండి, సాయంత్రం ఏసుకోని ఇంటికి పోండి. మీ అత్తలు ఏమన్నా అంటే రామసముద్రం ముండమోపి చెప్పిందని చెప్పండి” అందట. ఆ మాట ఆమె తప్ప ఇంకెవరూ అనలేరు. మర్నాటి నుంచి సాయంత్రం షిఫ్టు వదిలాక గేటు దగ్గర క్యారియర్లన్నీ గాజులతో గలగలలాడేవి. నేను గోడౌన్లోంచి వినేవాడిని. మొదటి రోజే ఆమెను అడిగి ఉంటే ఎలా ఉండేదో అనుకుంటూ డ్రమ్ములు లెక్కపెట్టేవాడిని.

రిటైరైన ఏడాది మా ఆవిడతో మదనపల్లె బజారులో గాజుల అంగడికి వెళ్లాను. అక్కడ ముందే ఒక ఆడమనిషి ఎర్ర గాజులు చూస్తోంది. అంగడి అతను, “రెండు డజన్లు కదమ్మా?” అని అడిగాడు. ఆమె ఎడమ చెయ్యి మాత్రం చాపింది.

“ఒక డజను చాలప్పా. ఆ చేతికి ఎక్కవు.”

గొంతు గుర్తుపట్టాను. అంగట్లోంచి మెల్లగా జారుకుందామని ఒక కాలు మెట్టు దించాను కూడా. ఈలోగా ఆమె తిరిగి చూసింది.

“సార్! బాగుండారా?” మొహమంతా నవ్వు. మా ఆవిడను చూసి, “అమ్మా, మీరేనా? సార్ పుణ్యాన నాకు డజనుతో సరిపోతాండాది. మిగతా డజను మీరు తీసుకోండి” అంది. అంగడి అతను గాజులు కాగితంలో చుట్టబోతుంటే ఆపేసింది. “కాగితం యాలప్పా? మా సార్ ఉండాడు కదా. పగలకుండా గుడ్డ కట్టిస్తాడు.”

మా ఆవిడ పకపకా నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు నవ్వు రాలేదు. తల వంచుకుని నిలబడ్డాను. అంగడి అతను ఏమీ అర్థం కాక ముగ్గురినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

“తమాషాకి అన్నాలే సార్” అని ఆమె కుడి చేత్తో నా చెయ్యి పట్టుకుంది. మూడు వేళ్లే. పట్టు గట్టిగానే ఉంది. విడిపించుకోవాలని నాకూ అనిపించలేదు.